అదే గడపకు మళ్లీ వెళ్తే

2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా సెలవు ఇచ్చి, జనాన్ని ఇళ్లలోనే ఉండమని చెప్పి, ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే చేశారు. పదేళ్ల తరువాత, 2024 నవంబరు 6న మళ్లీ ఇంటింటి సర్వే మొదలైంది. ఈసారి కులం వివరాలతో కలిపి 75 ప్రశ్నలు. రెండుసార్లూ తలుపు తట్టినవాళ్లలో చాలామంది బడిపంతుళ్లు. ఆదిలాబాద్ జిల్లా బోథ్ మండలంలో ఏ ముసలమ్మయినా వాళ్లను ఒక మాట అడగొచ్చు: "పదేండ్ల కింద గూడ రాస్కపోయిన్రు గదా సారూ, గా కాగితం ఏది?"

సామాజిక పరిశోధనలో ఒక శాఖ అంతా ఆ ప్రశ్న మీదే నిలబడి ఉంది. పాత కాగితాన్ని, కొత్త కాగితాన్ని పక్కపక్కన పెట్టి, ఇదీ అదీ ఒకే ఇల్లు అని గుర్తుపట్టగలిగితే దాన్ని ప్యానెల్ డేటా అంటారు. గుర్తుపట్టలేకపోతే మిగిలేవి రెండు ఫోటోలు. మన దేశంలో పేరున్న పెద్ద సర్వేలు చాలావరకు ఫోటోలే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రతి విడతకూ కొత్త ఇళ్లకు వెళ్తుంది. ఖర్చుల మీద జరిగే జాతీయ నమూనా సర్వేలదీ అదే పద్ధతి. 2017లో మొదలైన కార్మిక సర్వే పట్టణాల్లో ఒక్కో ఇంటికి నాలుగుసార్లు వెళ్లేది, పల్లెలకు మాత్రం ఒక్కసారే. పల్లె ఇళ్లకూ మళ్లీ మళ్లీ వెళ్లే ఏర్పాటు 2025 జనవరిలో గానీ రాలేదు.

తేడా ఎక్కడ పడుతుందో ఒక ఊహాలెక్కతో చూద్దాం. వంద ఇళ్ల ఊళ్లో అప్పుడు 40 ఇళ్లు పేదవి, ఇప్పుడూ 40 పేదవి. ఫోటోలు చూసినవాడు ఏమీ మారలేదంటాడు. కానీ ఆ నలభై ఇళ్లు అవే అయితే ఒక కథ. వాటిలో ఇరవై గట్టెక్కి, మరో ఇరవై కొత్తగా కుంగిపోయి ఉంటే పూర్తిగా వేరే కథ. మొదటి ఊరికి భూమో, చదువో, ఏదో పెద్ద పెట్టుబడి కావాలి. రెండో ఊరికి దగ్గరలో మంచి ఆసుపత్రి ఉంటే సగం పని అవుతుంది.

రెండో కథ నిజంగానే జరుగుతోందని చెప్పినవాడు అనిరుధ్ కృష్ణ. నల్లగొండ, ఖమ్మం, తూర్పు గోదావరి జిల్లాల్లో 36 ఊళ్లు తిరిగి, ఊరి జనాన్ని కూర్చోబెట్టి, పాతికేళ్ల కింద ఏ ఇల్లు ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది అని అడిగాడు. 2006లో అచ్చయిన ఆ వ్యాసం ప్రకారం పాతికేళ్లలో 14 శాతం ఇళ్లు పేదరికం నుంచి బయటపడ్డాయి, అదే కాలంలో 12 శాతం ఇళ్లు పేదరికంలో పడ్డాయి. పడినవాళ్ల కథల్లో మళ్లీ మళ్లీ వచ్చినవి జబ్బు, ఆసుపత్రి ఖర్చు, పెళ్లి ఖర్చు, మిత్తి. ఇది అసలైన ప్యానెల్ కాదు, జ్ఞాపకాల ప్యానెల్. పాతికేళ్ల కిందటి సంగతిని ఇప్పటి కళ్లతో చెప్పించుకోవడం. బాగుపడినవాడు తన పాత కష్టాన్ని పెంచి చెప్తాడు, చెడిపోయినవాడు పాత వైభవాన్ని. ఊరంతా కూర్చుని చెప్పినప్పుడు ఆ అతి కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. అందుకే ఖర్చు ఎక్కువైనా, ఏళ్లు పట్టినా, జరుగుతున్నప్పుడే రాసిపెట్టుకునే ప్యానెల్ కోసం పరిశోధకులు పాకులాడేది.

ఔరేపల్లి నలభై ఇళ్లు

'ప్యానెల్' అన్న మాటను సామాజిక శాస్త్రంలోకి తెచ్చింది పాల్ లాజర్స్‌ఫెల్డ్. 1940 అమెరికా ఎన్నికలప్పుడు ఒహాయోలోని ఎరీ కౌంటీలో ఆరు వందల మందిని నెలనెలా అడిగి, ఓటు మనసు ఎప్పుడు ఎలా మారుతుందో చూశాడు. 1968లో అమెరికాలో దాదాపు ఐదు వేల కుటుంబాలతో మొదలైన ఆదాయ ప్యానెల్ ఇప్పటికీ నడుస్తోంది. అయితే ఈ కథలో మన పల్లెల వంతు చిన్నదేమీ కాదు. హైదరాబాద్ రాజ్యంలో ఎస్. కేశవ అయ్యంగార్ 1929-30లో గ్రామ ఆర్థిక పరిశోధనలు చేశాడు, 1949-51లో మళ్లీ చేశాడు. గుంటూరు జిల్లా అనంతవరాన్ని 1974లో పుచ్చలపల్లి సుందరయ్య బృందం సర్వే చేస్తే, 2005లో మరో బృందం అదే ఊరికి వెళ్లింది. ఆ రెండో బృందం ఎంచుకున్న మూడు ఊళ్లలో కరీంనగర్ జిల్లా కొత్తపల్లి ఒకటి.

అన్నిటికంటే లోతైనది ఇక్రిశాట్ గ్రామ అధ్యయనం. 1972లో పటాన్‌చెరులో పెట్టిన ఆ పంటల పరిశోధన సంస్థ 1975లో ఆరు మెట్ట ఊళ్లను ఎంచుకుంది. మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లి, డోకూరు. మహారాష్ట్రలో షోలాపూర్, అకోలా జిల్లాల నుంచి రెండేసి. ఒక్కో ఊళ్లో నలభై ఇళ్లు: భూమి లేని కూలీలు పది, చిన్న రైతులు పది, మధ్యతరగతి పది, పెద్ద రైతులు పది. లెక్క రాసే మనిషి ఊళ్లోనే కాపురం పెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి ప్రతి ఇంటికీ వెళ్లి కూలీ, ఎరువు, ధాన్యం, అప్పు, పెట్టుపోతలు అన్నీ రాసుకునేవాడు. మూడు ఊళ్లలో ఇది పదేళ్లు ఆగకుండా సాగింది. 2001 నుంచి మళ్లీ ఆ ఊళ్లకే వెళ్లారు. ప్రపంచంలో అభివృద్ధి అర్థశాస్త్రం చదివే చాలామందికి ఔరేపల్లి పేరు తెలుసు. మన డిగ్రీ విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసో అడక్కపోవడమే మర్యాద.

ఆ డేటాతో వచ్చిన పనుల్లో నాకు ఎక్కువ నచ్చేది 1989లో రోజెన్‌జ్వైగ్, స్టార్క్ రాసిన వ్యాసం. ఆడపిల్లను దూరపు ఊరికి ఇవ్వడం వెనక వానలెక్క కూడా ఉందని వాళ్లు చూపించారు. మన ఊళ్లో వాన పడకపోయినా వియ్యంకుడి ఊళ్లో పడొచ్చు, కష్టకాలంలో గింజో రూపాయో అటునుంచి వస్తుంది. వానకు పంట ఎక్కువగా ఊగిసలాడే ఇళ్లు మరింత దూరపు సంబంధాలు చూసుకున్నాయి. అలాంటి సంబంధాలున్న ఇళ్లలో పంట దెబ్బతిన్నా తిండి ఖర్చు అంతగా దెబ్బతినలేదు. ఒక్క ఏడాది లెక్కతో ఇది తేలేది కాదు. 'ఊగిసలాట' అన్నది ఒకే ఇంటిని చాలా ఏళ్లు చూస్తేనే కొలవగలిగే సంగతి.

చేతివాటం లెక్క

ఇక పద్ధతుల్లోకి. అసలు చిక్కు ఏమిటంటే ఇళ్ల మధ్య తేడాల్లో సగం మన ఫారంలో పట్టవు. బోథ్ చుట్టుపక్కల రేగడిలో పక్కపక్క చేలల్లో పత్తి వేసే ఇద్దరు రైతులను తీసుకోండి. ఒకాయన యూరియా ఎక్కువ వేస్తాడు, ఎకరాకు రెండు క్వింటాళ్లు ఎక్కువ తీస్తాడు. ఆ రెండు క్వింటాళ్లు యూరియావా, ఆయన చేతివా? విత్తనం ఎప్పుడు పెట్టాలో, పురుగు ఏ ఆకు కింద దాక్కుంటుందో తెలిసిన మనిషికి ఎరువు కొనే స్తోమతా ఉంటుంది. రెండూ కలిసే వస్తాయి. ఒక్క ఏడాది లెక్కలో ఎరువుకు దక్కే మెప్పులో చేతికి రావాల్సిన వాటా కలిసిపోతుంది.

దీనికి విరుగుడు చెప్పినవాడు యాయిర్ ముండ్లాక్, 1961లో, వ్యవసాయ లెక్కల మీదే. సూత్రం తేలిక. ఒకే రైతును అతనితోనే పోల్చు. ఈ ఏడాది యూరియా తన మామూలు కంటే ఎంత ఎక్కువ వేశాడు, దిగుబడి తన మామూలు కంటే ఎంత ఎక్కువ వచ్చింది? ప్రతి ఇంటి సగటునూ ఆ ఇంటి అంకెల్లోంచి తీసేస్తే ఏళ్ల తరబడి మారనిదంతా దానితో పాటే పోతుంది: నేల సారం, తాత నేర్పిన తెలివి, బావి లోతు. మిగిలిన దానితో రిగ్రెషన్, అంటే ఒకటి మారితే మరొకటి ఎంత మారుతుందో చెప్పే గుణకం లెక్క, నడిపితే ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ పద్ధతి. సగటు కాకుండా నిరుటి అంకెను తీసేస్తే మొదటి తేడాల పద్ధతి. రెండేళ్ల డేటా మాత్రమే ఉంటే రెండూ ఒకటే.

ఈ ఉపాయం ఎంత బాగా పని చేసిందంటే, అరవై ఏళ్లుగా ప్యానెల్ డేటా అనగానే ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ అనడం అలవాటైంది. నా పేచీ ఇక్కడే మొదలవుతుంది. మారనిదంతా తుడిచేస్తే తుడిచిపోయేది ఏమిటి? కులం. జాతి. ఆడా మగా. తాత కాలంలో భూమి ఎవరి పేర పట్టా అయిందన్న సంగతి. బోథ్ లాంటి చోట గోండు, కోలాం, ప్రధాన్, లంబాడ, మున్నూరు కాపు ఇళ్ల బతుకుల మధ్య తేడాను నిర్ణయించేవి సరిగ్గా అవే. వాటి గురించి ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ ఒక్క ముక్క చెప్పదు, చెప్పలేదు. కులం ప్రభావం లేదని ఆ పట్టిక అనదు. అడగనే లేదు అంటుంది. ఈ రెంటికీ తేడా తెలియకుండా రాసిన సిద్ధాంత వ్యాసాలు విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో దొంతర్లుగా ఉన్నాయి.

ఆదిలాబాద్ ఇంకో మెలిక కూడా నేర్పుతుంది. జాతి మారదు, కానీ ప్రభుత్వం రాసుకునే గడి మారుతుంది. తెలంగాణ జిల్లాల్లో లంబాడాలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరింది 1976 సవరణ చట్టంతో. సరిహద్దు దాటి కిన్వట్‌లో ఉన్న వాళ్ల చుట్టాలు, బంజారాలు, మహారాష్ట్ర లెక్కలో ఈనాటికీ ఎస్టీలు కారు. కాబట్టి 1971 జనాభా లెక్కలను 1981 వాటితో పోల్చి ఎస్టీలు పెరిగారని రాసేవాడు మనుషులను కాదు, గడులను లెక్కపెడుతున్నాడు. ఊళ్లూ అంతే. 2016 అక్టోబరు 11న ఆదిలాబాద్ జిల్లా నాలుగైంది. పాత ఆదిలాబాద్‌తో కొత్త ఆదిలాబాద్‌ను జిల్లా పేరు చూసి కలిపితే ఆ ప్యానెల్ మొదటి వరుసలోనే అబద్ధం.

మద్దాల, పరవస్తు

ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్‌కు ఎదురుగా నిలిచిన పద్ధతి రాండమ్ ఎఫెక్ట్స్. ఇక్కడ ఇద్దరు తెలుగువాళ్ల పేర్లు చెప్పకపోతే కథ కుంటుతుంది.

ఇంటింటికీ ఉన్న చేతివాటాన్ని తుడిచేయకుండా, దాన్ని యాదృచ్ఛికంగా పంచిన అదృష్టంలా చూడొచ్చని 1966లో బాలెస్ట్రా, నెర్లోవ్ చూపించారు. అప్పుడు కులం, జాతి లాంటి మారని అంశాలు కూడా లెక్కలో నిలుస్తాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదివి, బొంబాయి మీదుగా షికాగో చేరి 1963లో డాక్టరేట్ తీసుకున్న జి.ఎస్. మద్దాల 1971లో దీని గుట్టు విప్పాడు. రాండమ్ ఎఫెక్ట్స్ అంచనా అంటే రెండు పోలికల మిశ్రమం. ఒకటి ఇంటిని ఆ ఇంటితోనే పోల్చడం, రెండోది ఇంటిని పక్కింటితో పోల్చడం. ఏది ఎంత పాలు కలపాలన్నది ఇళ్ల మధ్య తేడా ఎంత, ఇంటి లోపలి ఊగిసలాట ఎంత అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ ఇంటి సగటును పూర్తిగా తీసేస్తుంది, మామూలు రిగ్రెషన్ అసలు తీయదు, రాండమ్ ఎఫెక్ట్స్ కొంత తీస్తుంది. ఎక్కువ ఏళ్లు చూసిన కొద్దీ ఆ 'కొంత' పూర్తికి దగ్గరవుతుంది. పుస్తకాల్లో ఇరవై పేజీల మాతృకల కింద పూడిపోయిన విషయం ఇంతే.

ఆ మిశ్రమం పాళ్లను డేటా నుంచి ఎలా లెక్కగట్టాలి? ఇక్కడ పి.ఎ.వి.బి. స్వామి వస్తాడు. ఇంటిపేరు పరవస్తు, మన చిన్నయసూరి ఇంటిపేరే. 1972లో అరోరాతో కలిసి ఆయన ఇచ్చిన సూత్రాన్నే ఇవాళ స్టాటా సాఫ్ట్‌వేర్ గానీ, ఆర్‌లోని ప్యానెల్ ప్యాకేజీ గానీ, ఏమీ చెప్పకుండా రాండమ్ ఎఫెక్ట్స్ నడపమంటే వాడుకుంటాయి. రోజూ ఆ బటన్ నొక్కే మన పరిశోధక విద్యార్థులు అది ఎవరి సూత్రమో తెలియకుండానే నొక్కుతారు. అంతకు ముందే, 1970లో, స్వామి ఇంకా సాహసమైన మాట అన్నాడు. ఇళ్ల మధ్య మట్టం మాత్రమే కాదు, వాలు కూడా వేరే ఉండొచ్చని. ఒక బస్తా ఎరువు రేగడిలో ఇచ్చే లాభం చల్కలో ఇవ్వదు. ఒక ఏడాది చదువు పట్నం పిల్లకు తెచ్చే జీతం తండా పిల్లకు తేదు. అందరికీ ఒకే గుణకం అని ఎందుకు అనుకోవాలి? నా లెక్కలో సామాజిక పరిశోధనకు ఈ ప్రశ్నే ఎక్కువ విలువైనది, వాడకంలో మాత్రం వెనకబడింది.

రాండమ్ ఎఫెక్ట్స్‌కు ఒక ఖరీదు ఉంది. కనపడని చేతివాటానికీ, మనం కొలిచే ఎరువుకూ సంబంధం లేదని నమ్మాలి. బోథ్ రైతును అడిగితే నవ్వుతాడు. ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి 1978లో జెర్రీ హౌస్‌మన్ ఒక పరీక్ష ఇచ్చాడు. రెండు పద్ధతుల జవాబులు బాగా వేరైతే రాండమ్ ఎఫెక్ట్స్‌ను నమ్మొద్దు. మన థీసిస్‌లలో నాలుగో అధ్యాయంలో ఈ పరీక్ష అంకె ఒకటి వేసి, దాన్నిబట్టి పద్ధతి ఎంచుకుని ముందుకు పోవడం ఆనవాయితీ. ఆ పరీక్ష బొమ్మా బొరుసూ కాదు. శాంపిల్ చిన్నదైతే అది తేడాను పట్టదు, కాబట్టి "తేడా లేదు" అన్న తీర్పు చాలాసార్లు "నాకు కనపడలేదు" అన్న ఒప్పుకోలే.

దారి చూపినవాడు మళ్లీ ముండ్లాకే. 1978లో ఆయన అన్నది: ప్రతి ఇంటి సగటు ఎరువును కూడా లెక్కలో ఒక అంశంగా చేర్చండి. అప్పుడు ఇంటి లోపలి మార్పు గుణకం ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ ఇచ్చేదే వస్తుంది, కులమూ జాతీ కూడా పట్టికలో నిలబడతాయి. అయితే కులం ముందున్న అంకెను కారణంగా చదవకూడదు. కొలవని మరెన్నో విషయాలు దాని వెంట నడుస్తుంటాయి, ఎంత తేడా ఉందన్నది మాత్రం చెప్తుంది. ఇళ్ల మధ్య తేడాను, ఇంట్లో మార్పును వేర్వేరు గడుల్లో చూపే ఈ పట్టికనే సామాజిక పరిశోధకులు మొదట వేయాలని నా పట్టుదల. ఆ రెండు గడుల్లో అంకెలు వేరైతే అది తప్పు కాదు, వార్త.

బీటీ వేయని చేను ఎక్కడ?

ఇక మార్పును కొలవడంలో ఉన్న ఉచ్చులు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. కథాగే, కైమ్ అనే ఇద్దరు 2002 నుంచి 2008 దాకా అప్పటి ఉమ్మడి రాష్ట్రంతో సహా నాలుగు రాష్ట్రాల పత్తి రైతులను నాలుగు విడతలు కలిసి, 2012లో ఫలితం చెప్పారు: బీటీ వల్ల ఎకరా దిగుబడి 24 శాతం, లాభం 50 శాతం పెరిగాయని. వాళ్లు వాడింది ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్. తెలివైన రైతే ముందు బీటీ వేశాడన్న అనుమానాన్ని అది తీరుస్తుంది. వరంగల్ పల్లెల్లో ఏళ్ల తరబడి తిరిగిన మానవశాస్త్రవేత్త గ్లెన్ స్టోన్‌కు ఇది సరిపోలేదు. దిగుబడి పెరిగిన మాట నిజమే, అందులో ఎంత విత్తనానిదో చెప్పడం అంత తేలిక కాదని ఆయన వాదన. 2020లో పత్తి శాస్త్రవేత్త క్రాంతితో కలిసి దేశం మొత్తం ఇరవై ఏళ్ల లెక్క తీసి, ఎరువుల వాడకం, కొత్త పురుగుమందులు చేసిన పనిని కూడా ముందుకు తెచ్చాడు.

వీళ్లలో ఎవరిది పైచేయి అన్నది అటుంచి, పద్ధతి చిక్కు చూడండి. కొందరు 2003లో బీటీ వేశారు, కొందరు 2005లో, కొందరు 2007లో. ఇళ్లకూ ఏళ్లకూ ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ పెట్టి లెక్కిస్తే 2007లో మారినవాడిని ఎవరితో పోలుస్తున్నట్టు? పదేళ్లు తిరక్కుండానే బీటీ వేయని చేను వెతికినా దొరకని పరిస్థితి వచ్చింది. కాబట్టి ఆలస్యంగా మారినవాడికి పోలికగా నిలిచేది ముందే మారినవాడు. ముందే మారినవాడి చేలో బీటీ ప్రభావం ఏటేటా పెరుగుతుంటేనో, పురుగు అలవాటుపడి తరుగుతుంటేనో ఆ పోలిక వంకర పోతుంది. ఒక్కోసారి గుణకం గుర్తే తారుమారు కావచ్చు. గుడ్‌మన్ బేకన్, కాలవే, సంత్ అన్నా వంటివాళ్లు 2018 తరువాత ఈ వంకరను విప్పి, ఇంకా మారని ఇళ్లతో మాత్రమే పోల్చే పద్ధతులు ఇచ్చారు. అంతకు ముందు వచ్చిన వ్యాసాలన్నీ తప్పని కాదు. విడతలు విడతలుగా వచ్చిన పథకం మీద పాత వ్యాసం చదివేటప్పుడు పోలికకు మిగిలింది ఎవరు అని వెతుక్కోవాలి.

మరి పథకం అందరికీ ఒకేరోజు వస్తే? 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర మొదలైన రైతుబంధు అలాంటిదే. ఎకరాకు సీజన్‌కు 4,000, తరువాత 5,000. పట్టా ఉన్న ప్రతి రైతుకూ వచ్చింది. అప్పుడు 'ఆ ఏడాది' ప్రభావం నుంచి పథకాన్ని విడదీయడానికి ఇంటి ప్యానెల్ ఒక్కటీ చాలదు. కౌలుదారుకు రాలేదు కాబట్టి అతనితో పోల్చొచ్చు అంటారు. కానీ పెట్టుబడి సాయం వస్తోందని పట్టాదారు కౌలు రేటు పెంచినా, తానే సాగుకు దిగినా కౌలుదారు బతుకు కూడా మారుతుంది. పోలికగా నిలబడాల్సినవాడే దెబ్బ తింటే లెక్క చెడుతుంది.

ఇక్కడ బోథ్‌కు ఉన్న వసతి రాష్ట్రంలో చాలా చోట్ల లేదు. అవతల కిన్వట్. 1956 దాకా కిన్వట్ కూడా ఆదిలాబాద్ జిల్లాలోదే. అదే రేగడి, అదే వాన, అవే పత్తి, సోయా, కంది, ఎడ్లకు అదే పొలాల పండుగ, చాలా ఇళ్లలో అటూ ఇటూ సంబంధాలు. తేడా రాష్ట్రం. సరిహద్దుకు రెండు వైపులా ఇళ్లను 2018కి ముందూ తరువాతా చూసి, ఇటు మార్పులోంచి అటు మార్పును తీసేస్తే రైతుబంధు వంతు కొంత దొరుకుతుంది. తేడాల తేడా అంటే అదే. జాగ్రత్తలు లేకపోలేదు. 2018 డిసెంబరు నుంచి లెక్కకట్టిన కేంద్రం రైతులకు ఏటా ఇచ్చే 6,000 రెండు వైపులా వచ్చింది కాబట్టి అది కొట్టుకుపోతుంది. మహారాష్ట్ర 2017లోనూ 2019లోనూ ప్రకటించిన రుణమాఫీలు అవతల మాత్రమే వచ్చాయి కాబట్టి అవి కొట్టుకుపోవు. 2018కి ముందు రెండు వైపులా గీతలు సమాంతరంగా నడిచాయా అని కనీసం రెండు మూడు పాత విడతలతో చూడాలి. అంటే ముందే రాసిపెట్టి ఉండాలి. సరిహద్దు ఎంత మంచి ప్రయోగశాల అయినా, పాత కాగితం లేకపోతే అది కేవలం సరిహద్దు.

తాళం, గొణుగు, ఒకే వాన

1994లో రాబర్ట్ టౌన్సెండ్ ఔరేపల్లి, షిరాపూర్, కంజారా ఊళ్ల లెక్కలతో ఒక ప్రసిద్ధమైన వ్యాసం రాశాడు. ఒక ఇంటి ఆదాయం పడిపోయినా ఆ ఇంటి తిండి ఖర్చు ఊరి సగటుతో పాటే నడుస్తోందని, అంటే ఊరే ఒక బీమా కంపెనీలా పని చేస్తోందని. మూడేళ్ల తరువాత రవల్లియన్, చౌధురి అదే డేటాను మళ్లీ తీసి, ఆ ఖర్చును కట్టిన తీరులోనే లోపం ఉందని, సరిచేస్తే ఇళ్లు సొంత ఆదాయానికి ఇంకా ఎక్కువ కట్టుబడి ఉన్నాయని చూపించారు. గొడవ సిద్ధాంతంలో లేదు, కొలతలో ఉంది. నాలుగు వారాలకొకసారి ఇంటికెళ్లి రాసిన లెక్కకే ఈ గతి. పదేళ్లకొకసారి అడిగే లెక్క సంగతి చెప్పేదేముంది?

ఇది ప్యానెల్ పద్ధతులకు పుట్టువ్యాధి. మనిషి చెప్పే అంకెలో కొంత నిజం, కొంత గొణుగు. మామూలు పోలికలో పెద్ద రైతుకూ చిన్న రైతుకూ మధ్య నిజమైన తేడా పెద్దది, గొణుగు చిన్నది. ఇంటి సగటును తీసేశాక నిజం చాలావరకు సగటుతో పోతుంది, గొణుగు అలాగే మిగులుతుంది. ఫలితం, గుణకం సున్నా వైపు కుంగుతుంది. ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ పెట్టగానే ప్రభావం మాయమైంది అని రాసేవాళ్లు, మాయమైంది ప్రభావమా, కొలతా అని ముందు చూసుకోవాలి.

రెండో వ్యాధి తాళం. మళ్లీ వెళ్లేసరికి ఇంటికి తాళం. ఉత్తర తెలంగాణలో తాళం వెనక ఎప్పుడూ ఏదో కారణం ఉంటుంది. దుబాయి, బొగ్గుబావి, హైదరాబాద్‌లో మేస్త్రీ పని, లేదా చావు. వెళ్లిపోయినవాళ్లు మిగిలినవాళ్లలాంటి వాళ్లు కారు, కాబట్టి మిగిలినవాళ్లతో చేసే లెక్క వంకర. తొలి విడత వివరాలతో ఎవరు జారిపోతారో అంచనా కట్టి, వాళ్లను పోలిన మిగిలినవాళ్లకు ఎక్కువ బరువు ఇవ్వడం ఒక మందు. కనపడని కారణంతో వెళ్లినవాళ్లకు అది పని చేయదు. అసలు మందు వెతకడమే. 2002లో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం ఏడాది వయసున్న 2,011 మంది, ఎనిమిదేళ్ల వయసున్న 1,008 మంది పిల్లలను కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురం జిల్లాల్లో ఎంచుకుని, పెళ్లయి వెళ్లినా, బెంగళూరు వెళ్లినా వెతికి పట్టుకుంది. అందుకే దాని మాటకు విలువ. 2002-03 కరువులో ఎదుగుదల దెబ్బతిన్న పిల్లలు బళ్లో మధ్యాహ్న భోజనం అందాక తేరుకున్నారని ఆ డేటాతోనే అభిజీత్ సింగ్, పార్క్, డెర్కాన్ చూపించారు. ఒకే బిడ్డ ఎత్తూ బరువూ రెండుసార్లు కొలవకపోతే 'తేరుకోవడం' అన్న మాటే రాయలేం.

నిరుటి ఎత్తు ఈ ఏటి ఎత్తును నిర్ణయిస్తుంది కదా అని నిరుటి అంకెను కూడా లెక్కలో పెట్టి, పైన ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ వేస్తే మరో ఉచ్చు. విడతలు తక్కువైనప్పుడు జవాబు తప్పుతుందని 1981లో నికెల్ తేల్చాడు. దానికి అరెల్లానో, బాండ్ 1991లో ఇచ్చిన విరుగుడును పాత అంకెలనే ఊతకర్రలుగా వాడి నడుపుతారు. కర్రలు ఎక్కువైతే నడక కర్రలదే అవుతుంది. నాలుగైదు విడతలున్న మన ప్యానెళ్లలో దాన్ని చాలా పొదుపుగా వాడాలి.

ఇక ఒకే వాన సంగతి. ఒక ఊళ్లో నలభై ఇళ్లను అడిగితే వాన గురించి నలభై సాక్ష్యాలు రావు, ఒక్కటే వస్తుంది. మరుసటేడు అదే ఇళ్లను అడిగితే కొత్తగా వచ్చేది మరో వాన, మరో నలభై ఇళ్లు కాదు. ఈ సంగతి మరిచి లెక్కిస్తే అంచనాలోని దోషం చిన్నదిగా కనిపించి, లేని ప్రభావాలకు 'నమ్మదగినది' అని గుర్తుగా నక్షత్రాలు పడతాయి. బెర్ట్రాండ్, దూఫ్లో, ములైనాథన్ 2004లో ఉత్తుత్తి చట్టాలను కల్పించి పరీక్షిస్తే, మామూలు లెక్క దాదాపు సగం సార్లు వాటికీ 'ప్రభావం' చూపించింది. ఊరిని ఒక గుంపుగా తీసుకుని దోషం లెక్కగట్టడం ఇప్పుడు మామూలైంది. కానీ దానికి ఊళ్లు చాలా ఉండాలి. ఆరు ఊళ్లతో ఆ లెక్కా తడబడుతుంది. ఇక్రిశాట్ లోతుకు చెల్లించిన మూల్యం ఇదే. దేశమంతా తిరిగి 2004-05లో 41,554 ఇళ్లను కలిసి, 2011-12లో వాటిలో 83 శాతాన్ని మళ్లీ పట్టుకున్న మానవ వికాస సర్వేకు వెడల్పు ఉంది, నెలనెలా కూర్చుని రాసే తీరిక లేదు.

ఆదిలాబాద్‌కు మాత్రం ఒక వింత ప్యానెల్ ఉంది, అంకెలు తక్కువైనా. కుమ్రం భీం 1940లో చనిపోయిన మరుసటేడు మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఈ అడవులకు వచ్చాడు. మార్లవాయిలో ఉండి గోండుల జీవితం రాశాడు, 1948లో ఆ పుస్తకం వచ్చింది. 1970లలో మళ్లీ వచ్చి అవే ఊళ్లు తిరిగాడు. 1982లో వచ్చిన ఆయన పుస్తకంలో కనిపించేది భూమి చేతులు మారిన కథ: తాను పట్టాలు ఇప్పించిన చోట బయటివాళ్ల చేలు. ఏ రిగ్రెషనూ లేదు. ఒకే మనిషి ఒకే ఊరికి రెండుసార్లు వెళ్లి, మొదటిసారి ఎవరి చేను ఎవరిదో రాసుకుని ఉండటమే ఆయన బలం. మారనిదాన్ని తుడిచేసే పద్ధతులకు ఈ పుస్తకం మంచి తోడు, ఎందుకంటే దాని కథ అంతా ఆ తుడిచేసే గడిలోనే ఉంది.

రేపు ఎవరైనా బోథ్‌లో ప్యానెల్ మొదలుపెడితే మొదట తగిలే చిక్కు ఇవేవీ కాదు. పదేళ్లలో ఒక ఇల్లు మూడవుతుంది. అన్నదమ్ములు ఏరు పడతారు, చేను పంచుకుంటారు, ఎడ్లు ఒకరికి, మోటారు ఒకరికి. పాత ఇంటి నంబరు ఎవరిది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పే పరిష్కారం ఇంటికి కాకుండా మనిషికి నంబరు ఇవ్వమని. చీలిన ప్రతి ముక్కనూ వెంటాడి, ఏ మనిషి ఏ పొయ్యి మీది అన్నం తింటే ఆ ఇంటి వరుసలో రాయమని. పుస్తకంలో ఇది చక్కగా ఉంటుంది. గడప దగ్గర పంతులు కలం తెరుస్తాడు. ముసలమ్మ ఈ నెల పెద్దకొడుకు దగ్గర, వచ్చే నెల నడిపివాడి దగ్గర, ఆ పై నెల చిన్నవాడి దగ్గర తింటుంది.